జనం ‘బాగుంది’ అంటే పురపాలక సేవలు బాగున్నట్టేనా?

కాలువగట్టు (కాకినాడ)

ఊరి సేవలపై జనం చెప్పే సంతృప్తిని బట్టి నగరాలకు మార్కులు వేయడం సరైనదేనా? దీనిపై అందరి అభిప్రాయాలూ కావాలి.

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్చిలో జీవన సౌలభ్య సూచీ ప్రకటించింది. మొత్తం 111 నగరాలు. పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో బెంగళూరు మొదటిది, హైదరాబాద్‌ది 24వ స్థానం. అంతకన్నా చిన్న నగరాల్లో సిమ్లా మొదటిది, మా కాకినాడ నాలుగోది. మొత్తం మార్కుల్లో 30 శాతం ప్రజాభిప్రాయ సర్వేకు కేటాయించారు. అందులో 32.2 లక్షల మంది పాల్గొన్నారు. ఆ సర్వే వరకే చూస్తే భువనేశ్వర్ ముందుంది. ఆ తర్వాత సిల్వాసా, దావణగెరె, కాకినాడ, బిలాస్‌పుర్, భాగల్పుర్. మా ఊరికి మంచి పేరు వచ్చిందని నేనూ సంతోషించాను. కానీ సర్వే తేదీలు చూశాక ఆ సంతోషం నిలవలేదు.

సర్వే 2020 జనవరి 16న మొదలై మార్చి 20న ముగిసింది. గోదావరి డెల్టాలో ఉన్నవారికి ఈ తేదీలు చాలు. దాళ్వాకు, అంటే రెండో వరి పంటకు, కాలువలు నిండుగా పారే రోజులవి. మేము తాగేది ఆ కాలువ నీళ్లే. కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అక్కడినుంచి చెరువుల్లో నింపుకొన్న నీళ్లతోనే వేసవి గట్టెక్కాలి. ఇక అక్టోబరు, నవంబరు వాయుగుండాల సంగతి వేరే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు గట్టి వాన పడితే మురుగు కాలువలు దిగువకు పారవు, నీళ్లు వీధుల్లోకి ఎగదన్నుతాయి. మా ఊరివాళ్ల కష్టాలన్నీ ఈ రెండు కాలాల్లోనే ఉంటాయి. సర్వే ఈ రెండింటినీ తప్పించుకుని మధ్యలో వచ్చి వెళ్లింది. ఫిబ్రవరిలో అడిగితే నేనైనా ‘బాగుంది’ అనే చెబుతాను.

జనాన్ని అడగవద్దని నేను అనడం లేదు. అడగాల్సిన ప్రశ్న వేరంటున్నాను. ‘సంతృప్తిగా ఉన్నారా’ అని కాకుండా ‘నిన్న కుళాయి ఎంతసేపు వచ్చింది, ఫిర్యాదు ఇస్తే ఎన్నాళ్లకు మనిషి వచ్చాడు, పని జరగడానికి ఎవరికైనా డబ్బు ఇచ్చారా’ అని అడగాలి.

విశ్రాంత ఇంజినీరు

నా ఉద్యోగమంతా పురపాలక నీటి సరఫరా విభాగంలోనే గడిచింది. నా మాట కొంత కటువుగా ఉండవచ్చు. నీటి సరఫరా మంచిచెడ్డలను అభిప్రాయాలతో తేల్చలేం. దానికి కొలతలు ఉన్నాయి. 2008లోనే కేంద్రం సేవా ప్రమాణాలు నిర్దేశించింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, వచ్చిన ఫిర్యాదుల్లో కనీసం 80 శాతం ఒక రోజులో పరిష్కారం. 13వ ఆర్థిక సంఘం ఈ ప్రమాణాలను గెజిట్‌లో ప్రకటించడాన్ని గ్రాంటుకు షరతుగా పెట్టింది. అది సరైన దారి.

కాలువగట్టు గారు బిహార్‌లోని భాగల్పుర్ పేరు చెప్పి వదిలేశారు. నేను అక్కడే ఆగుతాను. సూచీలో మొదటి స్థానం బెంగళూరుది, ప్రజాభిప్రాయంలో ముందు వరుస భాగల్పుర్‌ది. అంటే భాగల్పుర్ కుళాయిలు, రోడ్లు బెంగళూరుకన్నా మేలైనవా? కాదు. ఎక్కువ ఆశించినవాడికి అసంతృప్తి ఎక్కువ, ఏమీ రాదనుకున్నవాడికి కాస్త వచ్చినా సంతోషమే. ఆ సంతోషానికి మార్కులు వేస్తే ప్రజల ఆశలను చంపిన పాలకుడికే బహుమతి ఇచ్చినట్టవుతుంది.

ఇంకో మాట. ప్రాణాలు తీసే లోపం జనం కంటికి కనిపించదు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి ప్రజలు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులోనూ అదే జరిగింది. మన ఊళ్లలో నీళ్లు రోజంతా ఉండవు, గంటో రెండు గంటలో వదులుతారు. ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపు మురుగు కాలువ పక్క నుంచో, అందులోంచో పోతూ ఎక్కడైనా చిల్లు పడి ఉంటే బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు నీళ్లు రంగు మారకుండా, వాసన లేకుండానే రావచ్చు. చివరి కుళాయి దగ్గర చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రాలేదంటే క్లోరిన్ లేదన్న మాట. ఆ పరీక్ష చేసినవాడికి తెలుస్తుంది తప్ప సర్వేలో సమాధానం చెప్పినవారికి తెలియదు.

చివరి వీధి

ఇంజినీరు గారూ, ఆ చివరి కుళాయి మాదే. మీ కొలతల గురించి నేను చెప్పాల్సింది ఉంది.

మా వీధి పైపులైనుకు కొసన ఉంటుంది. నీళ్లు వదిలిన పది నిమిషాలకు పై వీధుల్లో మోటార్ల శబ్దం మొదలవుతుంది. కుళాయి గొట్టానికే నేరుగా మోటారు బిగించి మేడ మీది ట్యాంకులు నింపుకొంటారు. అవి నిండేదాకా మా దగ్గర కుళాయి బుసకొట్టడమే తప్ప బిందెలోకి చుక్క పడదు. వాళ్ల మోటార్లు ఆగాక మాకు సన్నగా ధార మొదలవుతుంది. నాలుగో బిందె నిండేలోగా వాల్వు కట్టేస్తారు. కార్యాలయం పుస్తకంలో మాత్రం మా వార్డుకు రోజూ పూర్తి సమయం నీళ్లు ఇచ్చినట్టే ఉంటుంది. అందులో అబద్ధం లేదు, ట్యాంకు నుంచి నీళ్లు బయల్దేరిన మాట నిజమే. మీ 135 లీటర్లు ఎలా లెక్కిస్తారు? ట్యాంకు దగ్గర కొలిచి జనాభాతో భాగిస్తారు. ఆ భాగహారంలో మా వీధికి కూడా 135 వస్తాయి. మా బిందెల్లోకి మాత్రం రావు. ఈ తేడా నన్ను అడిగితే తప్ప మీకు తెలియదు.

కాలువగట్టు గారికీ ఒక మాట. ఏమి అడగాలన్నది ఎంత ముఖ్యమో, ఎవరిని అడుగుతారన్నదీ అంతే ముఖ్యం. సర్వేకు వచ్చినవాళ్లు ‘ఇంటి యజమాని ఉన్నారా’ అంటారు. నీళ్లు పట్టేది ఆయన కాదు. నేను, మా అత్తగారు, స్కూలుకు ఆలస్యమైనా ఆగి సాయం చేసే మా పెద్దమ్మాయి. ఆయన ‘నీళ్లు బాగానే వస్తాయండీ’ అంటారు. ఆయన నిద్ర లేచేసరికి గంగాళం నిండి ఉంటుంది కాబట్టి ఆయన దృష్టిలో అది నిజమే.

పింఛను పట్టికలో పేరు సరిచూసే ఉద్యోగే మళ్లీ వచ్చి ‘సేవలు ఎలా ఉన్నాయి’ అని అడిగితే మా అత్తగారు ఏం చెబుతారో ఊహించండి. ఆమెకు ఆ పింఛనే ఆధారం. ప్రభుత్వం నుంచి ఫోను వచ్చి ‘సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి’ అంటే ఆమె వెతికి మరీ ఒకటి నొక్కుతుంది. తన నంబరు వాళ్ల దగ్గర ఉందని ఆమెకు తెలుసు.

ఉప్పల్ నివాసి

మా హైదరాబాద్ వైపు ఇంకో రకం సంతృప్తి ఉంది. అది నన్ను ఎక్కువ భయపెడుతోంది.

మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో బోరు సొంతం, ఎండితే ట్యాంకరు సొంత ఖర్చు. తాగడానికి నీళ్ల క్యాను, కరెంటు పోతే జనరేటరు, గేటు దగ్గర కాపలా. పిల్లలకు ప్రైవేటు బడి, జబ్బు చేస్తే ప్రైవేటు ఆసుపత్రి. ఇవన్నీ కొనుక్కున్న కుటుంబాన్ని జీవనం ఎలా ఉందని అడిగితే బాగుందనే చెబుతుంది. అందులో నగరపాలక సంస్థ వాటా ఎంత? ఆ కుటుంబం నెలనెలా నిర్వహణ ఖర్చు కడుతూ తెచ్చుకున్న సంతృప్తి నగరం ఖాతాలో పడుతోంది.

అలా బయటపడగలిగినవాళ్లు ఊరి సంగతి పట్టించుకోవడం మానేస్తారు. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో ఓటర్లలో సగం మంది కూడా ఓటు వేయలేదు. గట్టిగా అడగగలిగినవాళ్లు తప్పుకున్నాక మిగిలేది చివరి వీధి గారిలాంటి వాళ్లే. వాళ్ల మాటకు కార్యాలయంలో బలం తక్కువ. జీవన నాణ్యతనూ పురపాలక సేవనూ ఒకే సూచీలో కలపడమే తప్పని నా అభిప్రాయం.

జయనగర్ తెలుగు (బెంగళూరు)

ఇంజినీరు గారు జనాభిప్రాయాన్ని పూర్తిగా పక్కన పెట్టమంటున్నారు. మా ఊరి అనుభవం అందుకు వ్యతిరేకం.

1993లో శామ్యూల్ పాల్ గారు కొందరితో కలిసి బెంగళూరు ప్రజలను అడిగి పౌర సంస్థలకు ‘రిపోర్టు కార్డు’ తయారు చేశారు. తర్వాత ఆయన స్థాపించిన పబ్లిక్ అఫైర్స్ సెంటర్ ఆ పని కొనసాగించింది. నీళ్లు, కరెంటు, టెలిఫోను, నగరపాలక సంస్థ, నగరాభివృద్ధి సంస్థ, ఇలా ఒక్కో సంస్థకు విడివిడిగా మార్కులు వేశారు. ఎంత సంతృప్తి అన్నదొక్కటే కాదు, పని కోసం ఎన్నిసార్లు తిరిగారు, లంచం ఇచ్చారా అని కూడా అడిగారు. ఫలితాలు చాలా దారుణంగా వచ్చాయి, వాటిని పత్రికలకు ఇచ్చారు. సంస్థల పేర్లతో మార్కులు అచ్చయ్యేసరికి అధికారులు తప్పించుకోలేకపోయారు. 1999లో రెండోసారి, 2003లో మూడోసారి అడిగారు. మూడోసారికి సంతృప్తి చెప్పుకోదగ్గంత పెరిగింది.

అది ఎందుకు పనిచేసిందంటే, అడిగినవాళ్లు ప్రభుత్వం మనుషులు కాదు. ఊళ్లకు వరుస సంఖ్యలు వేయలేదు, ఏ కార్యాలయం ఏ పనిలో విఫలమైందో చెప్పారు. కాకినాడ నాలుగోదైతే కాకినాడలో ఎవరు ఏం చేయాలి? ఏమీ చేయనక్కర లేదు, ఒక ఫ్లెక్సీ కట్టుకుంటే సరిపోతుంది. ‘మీ ఊళ్లో ఖాతా మార్పిడికి (ఆస్తి రికార్డులో యజమాని పేరు మార్చడానికి) తిరిగినవాళ్లలో ఇంతమంది లంచం ఇచ్చారు’ అని అచ్చయితే అప్పుడు కదులుతారు.

విశ్రాంత ఇంజినీరు

చివరి వీధి గారు చెప్పిన మోటార్ల సంగతికి నా దగ్గర సమాధానం లేదు. కొలత కుళాయి దగ్గర జరగాలి. ఇంటింటికీ మీటర్లు పెట్టమని మేము ఏళ్లుగా అడుగుతున్నాం. మీటరు అనగానే బిల్లు పెరుగుతుందని జనమే అడ్డుపడతారు. ఏ పార్టీ ముందుకు రాదు.

అయినా సంతృప్తిపై నా అభ్యంతరం అలాగే ఉంది. చెత్త రుసుము సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం తెచ్చారు. ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలు, చెత్త బండ్లు, దాంతోపాటే నెలనెలా రుసుము. జనం రుసుమును అసహ్యించుకున్నారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ రోజుల్లో సంతృప్తి సర్వే పెట్టి ఉంటే రుసుము మీది కోపం బండి తోలినవాడి మీద, చెత్త ఎత్తిన కార్మికుడి మీద పడేది. బండి డీజిలుకు, కార్మికుడి జీతానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో సర్వే అడగదు. సేవ కావాలి, డబ్బు కట్టం అన్న మాట కూడా ప్రజాభిప్రాయమే కదా?

చివరి వీధి

ఆ కోపానికీ కారణం ఉందండీ. మా వీధిలోకి బండి పట్టదు. చెత్త మేమే మోసుకుని మలుపు దాకా వెళ్లేవాళ్లం. రుసుము మాత్రం బండి గుమ్మం ముందుకు వచ్చే ఇంటికి ఎంతో మాకూ అంతే అడిగారు. వచ్చిన సేవకు డబ్బు కట్టడానికి మా వీధిలో ఎవరూ వెనకాడరు. కుళాయి లేని నెలల్లో ట్యాంకరుకు కట్టడం లేదా?

కాలువగట్టు (కాకినాడ)

ఈ చర్చతో నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. ఇంజినీరు గారి గొట్టం పరీక్ష కావాలి, చివరి వీధి గారి బిందె లెక్కా కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేస్తే మోసపోయేది పేదవాడే. ‘సంతృప్తి శాతం’ అనే మూడో అంకె మాత్రం నాకు అక్కర్లేదు. దాన్ని పాలకులు ప్రచారానికి వాడుకుంటారు, మనం సరిచూసుకునే మార్గం ఉండదు.

ఉప్పల్ నివాసి గారు ఓట్ల మాట ఎత్తారు. మాకు ఓటు వేద్దామన్నా ఎన్నిక లేదు. కాకినాడ నగరపాలక సంస్థకు 2017 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. 2022 సెప్టెంబరులో ఆ పాలకవర్గం గడువు తీరింది. ఆ తర్వాత ఎన్నికలు పెట్టకుండా ప్రత్యేకాధికారికి అప్పగించారు. కార్పొరేటరు ఉన్నప్పుడు అతని ఇంటి ముందు బిందెలతో నిలబడేవాళ్లం. కౌన్సిలు సమావేశంలో అరిచే మనిషి ఒకరుండేవారు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పదని అందులో స్పష్టంగా ఉంది. పాలకవర్గం లేని ఊళ్లో ప్రజల మనసు తెలుసుకోవడానికి సర్వే పెట్టడం నాకు ఎంతమాత్రం అంగీకారం కాదు. ముందు ఎన్నిక పెట్టండి, తర్వాత అడగండి.

ఇంజినీరు గారిని ఒకటి అడుగుతాను. ఏ వాల్వు ఎప్పుడు తిప్పారు, ఎప్పుడు కట్టారు అని రాసే పుస్తకం ఒకటి ఉంటుంది కదా. దాన్ని వార్డువారీగా గోడ మీద పెట్టడానికి అడ్డేమిటి?

విశ్రాంత ఇంజినీరు

చట్టపరంగా అడ్డేమీ లేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఇలాంటి సమాచారం ఎవరూ అడగకముందే కార్యాలయాలు బయటపెట్టాలి. పెట్టకపోతే అర్జీ పెట్టుకోవచ్చు. వాల్వు సమయాల పుస్తకం, క్లోరిన్ పరీక్షల పుస్తకం రెండూ అడగండి. పరీక్ష ఏ ఇంటి కుళాయి దగ్గర చేశారో కూడా అడగండి. చాలా చోట్ల ట్యాంకు పక్కనున్న కుళాయి దగ్గరే చేసి రాసేస్తారు.

చివరి వీధి

అర్జీ నేను రాస్తాను. ఏప్రిల్, మే నెలల పుస్తకాలు అడుగుతాను. అప్పటిదాకా మా వీధిలో పదిళ్ల ఆడవాళ్లం క్యాలెండరులో కుళాయి వచ్చిన వేళ, ఆగిన వేళ, నిండిన బిందెలు రాసుకుంటాం. ఇంజినీరు గారూ, అర్జీలో ఆ పుస్తకాలను ఏ పేరుతో రాస్తే ‘అలాంటి రికార్డు లేదు’ అని తిప్పిపంపకుండా ఉంటారో చెప్పండి.