నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో కొంగ పోర్ట్రెయిట్: తేలుకుంచిలో ఎలా తీస్తున్నారు?

ఇచ్ఛాపురం కుర్రోడు:
స్టూడియోలో తీసినట్టు వెనకంతా నలుపు, ముఖం ఒక్కటే వెలుగులో ఉండేలా నత్తగుల్ల కొంగ ఫొటో కావాలని మూడు ఆదివారాలుగా మా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి ఊరికి వెళ్తున్నాను. చింతచెట్ల మీద గూళ్లు బోలెడున్నాయి, కానీ ఫ్రేములో కొమ్మలు, ఆకులు, ఎవరింటి గోడో పడిపోతున్నాయి. ఎడిటింగ్‌లో నలుపు పూస్తే రెక్క అంచులు కత్తెరతో కోసినట్టు వస్తున్నాయి. 70-300 జూమ్ లెన్స్ ఉంది. ఫ్లాష్ కొనమంటారా?

టెక్కలి లెన్స్:
ఫ్లాష్ వద్దు తమ్ముడూ, గూట్లో పిల్లలుంటాయి, తల్లి బెదిరి లేచిపోతే కాకులు కాచుకుని ఉంటాయి. పక్షి మీద ఎండ, దాని వెనక దూరంగా దట్టమైన నీడ, ఈ రెండూ ఒక గీతలోకి వచ్చే చోటు వెతుకు. నువ్వు రెండడుగులు పక్కకి జరిగితే చాలు, ఆకాశం పోయి నీడ వస్తుంది. మామూలు మీటరింగ్‌లో, అంటే ఫ్రేమంతటి వెలుతురూ కొలిచే పద్ధతిలో, కెమెరా ఆ నీడని చూసి ఫొటో మొత్తం వెలిగించేస్తుంది, తెల్ల ఈకలు సున్నం కొట్టినట్టైపోతాయి, కాబట్టి కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 నుంచి 2 దాకా తగ్గించు. స్పాట్‌లో (ఒక్క చుక్క మేరే వెలుతురు కొలిచే పద్ధతి) పెట్టి తెల్ల ఈక మీదే కొలిస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది, కొంచెం ప్లస్ ఇవ్వాలి. మా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పెయింటెడ్ స్టార్క్ అనే కొంగని ఇలాగే తీశాను, ఒకే చోట రెండు గంటలు కూర్చుంటే దొరికింది.

కళింగపట్నం తీరం:
మబ్బు పట్టిన రోజు ఇంటికి వచ్చేయకండి. తెల్లటి ఆకాశమే తెల్ల పరదా. ప్లస్ 1.5 దాకా పెంచితే వెనకంతా తెలుపైపోయి ముక్కు గీత గీసినట్టు నిలబడుతుంది. ఇంకో మాట, ఊళ్లో వీటిని సైబీరియా పక్షులంటారు గానీ నత్తగుల్ల కొంగ మన దక్షిణాసియా పక్షే.

బొబ్బిలి మాక్రో:
అమెరికా ఫొటోగ్రాఫర్ జోయెల్ సార్టోరీ 2006లో మొదలుపెట్టిన ఫోటో ఆర్క్ (జంతువుల్ని నల్ల, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తీసే ప్రాజెక్టు) చూసి నాకూ ఈ పిచ్చి పట్టింది. మా పొలంలో కప్పని పట్టుకొచ్చి తెల్ల అక్రిలిక్ షీటు మీద పెట్టి తీద్దామనుకుంటున్నాను, ఎవరైనా చేశారా?

టెక్కలి లెన్స్:
ఆయన తీసేవి ఎక్కువగా జూల్లో, సంరక్షణ కేంద్రాల్లో మనుషులకి అలవాటైన జంతువులండీ, అక్కడ చూసుకునేవాళ్లు పక్కనే ఉంటారు. కప్ప చర్మం చాలా పల్చన, మన చేతికున్న క్రీము, దోమల మందు లోపలికి ఇంకిపోతాయి. దాన్ని గట్టు మీదే ఉండనిచ్చి మీరు నేల మీద పడుకోండి, వెనకున్న నీళ్లే బ్యాక్‌గ్రౌండ్.

ఉద్దానం కొబ్బరితోట:
ఇది చదువుతుంటే చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కిందటేడు ఊరు కాని ఊరునుంచి ఒకాయన వచ్చి, మా తోటలో పనసపండు కోసి పెడితే ఎలుగుబంటి అక్కడికే వస్తుంది, లైట్లు పెట్టి పోర్ట్రెయిట్ తీస్తానన్నాడు. డబ్బులిస్తానన్నాడు కూడా. కుదరదని పంపేశాను. ఎలుగు ఒకసారి తోటలో తిండికి అలవాటుపడితే తెల్లారి జీడిపిక్కలు ఏరడానికి వెళ్లే మా ఆడవాళ్లే దానికి ఎదురుపడతారు, ఫొటో తీసినాయన కాదు. ఎర పెట్టడం కూడా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది, ఎలుగు అందులో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది. దయచేసి ఎవరూ అడగకండి.

బొబ్బిలి మాక్రో:
అర్థమైందన్నా. షీటు మానేస్తున్నాను.

ఇచ్ఛాపురం కుర్రోడు:
దొరికింది! ఈ ఉదయం ఏడింటికి, గూటికి దూరంగా ఎండుకొమ్మ మీద ఒక పెద్ద పక్షి, వెనక చింతచెట్టు నీడ, మైనస్ 1.7. ముక్కు మూసే ఉన్నా మధ్యలో సందు నల్లగా కనిపించింది. పిల్లలకి ఆ సందు ఉండదట, పెద్దయ్యాక వస్తుందని అక్కడ ముసలాయన చెప్పారు. ఎడిటింగ్‌లో కొంచెం క్రాప్ చేశాను, ఇంకేమీ ముట్టుకోలేదు.