కర్ణుడికీ దుర్యోధనుడికీ మధ్య ఏ గుర్తు పెట్టాలి?

మాది తిరుపతి. కర్ణుడు, దుర్యోధనుడి మీద ఒక ఫ్యాన్‌ఫిక్షన్ (తెలిసిన పాత్రలతో అభిమానులు అల్లుకునే కథ) రాశాను. అలాంటి కథలు పెట్టుకునే ఏఓత్రీ (Archive of Our Own) సైట్‌లో పెట్టబోతే, కథలో ఎవరి మధ్య ఏ బంధమో చెప్పే ట్యాగ్ దగ్గర ఆగిపోయాను. పేర్ల మధ్య ఏటవాలు గీత (/) ఉంటే ప్రేమ జంట, & ఉంటే స్నేహమో చుట్టరికమో అని అక్కడి లెక్క. నాది స్నేహం కథే. కానీ కర్ణుడితో పాచికలాడుతుంటే దుర్యోధనుడి భార్య భానుమతి ముత్యాల హారం తెగిన ఘట్టం ఉంది కదా (మా వైపు అరవవాళ్ల నోట ఎక్కువగా వింటాం), "ఏరమంటావా, గుచ్చమంటావా" అని దుర్యోధనుడు అడిగే చోట మిత్రులిద్దరి చూపులూ కాస్త ఎక్కువే నడిచాయి. ఇద్దరూ నోరు తెరిచి ఏమీ చెప్పుకోరు. అలాంటప్పుడు & ఒక్కటే చాలా, రెండూ పెట్టాలా? గీత చూసి జంట కోసం వచ్చినవాళ్లు తిట్టుకుంటారేమోనని టెన్షన్. భానుమతీ దుర్యోధనుల కాపురం రెండు పేరాల్లో వచ్చిపోతుంది, దానికీ ట్యాగ్ కావాలా? అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి.