సిగ్నల్ ‘సన్నగిల్లింది’ అనొచ్చా?

వాన వల్ల డిష్ సిగ్నల్ బలం తగ్గడాన్ని తెలుగులో ఏమనాలి? ఒక వ్యాసం అనువదిస్తూ ‘వర్ష క్షీణత’ దగ్గర ఆగిపోయాను. అది చదివితే వానలు తగ్గాయనిపిస్తుంది. మన అనంతపురంలో ముందు తట్టేది ఆ అర్థమే! ‘వాన దెబ్బ’ అంటే వేరుశనగ చేను గుర్తొస్తుంది. నాకు ‘సన్నగిల్లడం’ నచ్చింది. చూపు సన్నగిల్లింది, ఆశ సన్నగిల్లింది అంటాం కదా. ఉపగ్రహం నుంచి సిగ్నల్ వచ్చే 36 వేల కిలోమీటర్ల దారిలో వాన ఉండేది చివరి నాలుగైదు కిలోమీటర్లే. అక్కడ చినుకులు కొంత పీల్చుకుంటాయి, కొంత పక్కకు చెదరగొడతాయి.

కదిరి నుంచి ఒక చెల్లెలు:
మాట బాగుందన్నా. మా జేజి మాత్రం ‘మబ్బు పట్టింది, టీవీ పోతాది’ అంటుంది. చినుకు పడకముందే పోయిన రోజులూ ఉన్నాయి మరి.

నా జవాబు:
తప్పు మబ్బుది కాదమ్మా, చినుకుది. మబ్బులోని నీటి కణాలు మరీ చిన్నవి. డిటిహెచ్ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. నాలుగైదు మిల్లీమీటర్ల లావు చినుకులు దాన్ని బాగానే దెబ్బతీస్తాయి. కేబుల్ వాళ్ల పెద్ద గొడుగులు ఎక్కువగా ఏడున్నర సెంటీమీటర్ల తరంగాలు అందుకుంటాయి, వాళ్లకు ఈ బాధ తక్కువ.

ఇక జేజి జోస్యం. డిష్ నెత్తి మీదికి చూడదు. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే మనకు ఆగ్నేయం. ఆ దిక్కున ఒకటి రెండు కిలోమీటర్ల అవతల దంచి కొట్టినా మీ టీవీ పోతుంది, మీ వాకిలి ఇంకా పొడిగానే ఉంటుంది.

ఇంకో సంగతి. ముసురు రోజంతా పట్టినా టీవీ ఆడుతుంది, కుండపోత పది నిమిషాలు కొడితే ఆగుతుంది. మొత్తం ఎంత కురిసిందని కాదు, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల లెక్కన కురుస్తోందన్నదే ముఖ్యం. ముసురు, జల్లు, కుండపోత అని మనవాళ్లు విడదీసిందీ దాదాపు ఆ లెక్కనే.

కర్నూలు నుంచి ఒక పెద్దాయన:
వాన సరే. గాలి సుళ్ల వల్ల సిగ్నల్ క్షణక్షణం హెచ్చుతగ్గులవుతుందే, దానికీ ఇదే మాటంటే నేనొప్పుకోను.

నా జవాబు:
నిజమే సార్. వేడిగాలి, చల్లగాలి కలిసి సుళ్లు తిరిగే చోట తరంగం ఒక్కో చోట ఒక్కోలా వంగుతుంది. చుక్కలు మెరిసి మాయమైనట్టు కనిపించేదీ అందుకే. ఉపగ్రహం దిగంతానికి దగ్గరగా ఉంటే ఇది ఎక్కువ, మన ఇంటి డిష్‌కు పెద్ద లెక్క కాదు. దీన్ని ‘మినుకు’ అందామా?

పెద్దాయన:
అనండి. కానీ మిణుకు. పెద్ద ణ.

నా జవాబు:
దిద్దుకున్నాను సార్.