అన్ని డేటాబేసులూ ఒకేసారి వెతికే బాక్సు: డెస్క్ దగ్గర నమ్మొచ్చా?

డెస్క్‌వాసి:
లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్‌లో కూర్చుంటాను. పాఠకులు ఎదురుగా నిలబడి ఉండగా మా కేటలాగ్, పబ్‌మెడ్ (వైద్య వ్యాసాల డేటాబేసు), వరల్డ్‌క్యాట్ (ఎన్నో లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్) తలో ట్యాబులో తెరిచి, ఒకే మాట మూడుచోట్లా కొడుతున్నాను. వెనక వరస పెరుగుతూ ఉంటుంది. అన్నీ కలిపి వెతికే బాక్సు మా సైటులో ఉంది. నిన్న ఒక నర్సింగ్ విద్యార్థిని గుండెపోటు, ఆస్పిరిన్ మీద వ్యాసాలు అడిగితే ఇంగ్లీషులో 'హార్ట్ ఎటాక్ ఆస్పిరిన్' అని అందులో కొట్టాను. పైనంతా పుస్తక సమీక్షలు, పేపర్ వార్తలు. అవే మాటలు పబ్‌మెడ్‌లో పెడితే ఆమెకి పనికొచ్చేవి వచ్చాయి. పైగా ఒక డేటాబేసు పక్కన బాక్సు సున్నా చూపించింది. విడిగా వెళ్తే అందులో బోలెడు! ఇక ట్యాబులే గతా?

పాతకాపు:
సున్నా సంగతి ముందు చూద్దాం. డేటాబేసువారీగా లెక్క చూపిస్తోందంటే మీది అప్పటికప్పుడు ప్రశ్నను అన్ని డేటాబేసులకీ పంపే రకం, అంటే ఫెడరేటెడ్ సెర్చ్. 1996లో మొదలైన కార్ల్స్‌రూ వర్చువల్ కేటలాగ్ ఈ బాపతే. దానికంటూ సొంత రికార్డులు లేవు, అడిగి తెస్తుంది. ఇలాంటి వాటిలో ఒక సర్వర్ గడువులోగా పలక్కపోతే కొన్ని బాక్సులు 'జవాబు రాలేదు' అని చెప్పవు, సున్నా వేసి ఊరుకుంటాయి. పాఠకుడితో "లేదు" అనేముందు అక్కడికి విడిగా వెళ్లి చూడాల్సిందే.

ఫలితాల వరస కుదరకపోవడానికీ కారణం ఈ పద్ధతే. ఒక్కో చోటి నుంచి మొదటి కొద్ది ఫలితాలే తెచ్చి కలుపుతుంది. అసలైన వ్యాసం అక్కడ వందో స్థానంలో ఉంటే మీ తెర మీదికి రానే రాదు.

హార్ట్ ఎటాక్ విషయానికొస్తే, పబ్‌మెడ్ ఆ మాటను తనంతట తానే 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' (గుండెపోటుకి వైద్య పదం) అనే మెష్ శీర్షికకు, అంటే వ్యాసాలకు తగిలించే ప్రామాణిక విషయ శీర్షికకు, కలిపి వెతుకుతుంది. అడ్వాన్స్‌డ్ పేజీలో మీ సెర్చ్ పక్కన 'డీటెయిల్స్' తెరవండి, ఏమేం కలిపిందో మొత్తం కనిపిస్తుంది. బాక్సు నుంచి మామూలుగా వెళ్లేది మీరు కొట్టిన మాట మాత్రమే. వైద్యం ప్రశ్న వస్తే నేను బాక్సు ముట్టుకోను. నీటి కాలుష్యం మీద చట్టాలు, ఆరోగ్యం, ఆర్థికం అన్నీ కలిపి అడిగేవాళ్లు వస్తారు చూడండి, అక్కడ మాత్రం బాక్సే ముందు. ఏ డేటాబేసులో సరుకుందో అది చెప్తుంది, తవ్వకం అక్కడికి వెళ్లి చేసుకుంటాను.

కేటలాగర్:
ఫలానా పుస్తకమే కావాలన్నవాళ్లకి కూడా బాక్సు బాగా పనిచేస్తుంది, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉంటే మరీను. కాకపోతే 13 అంకెలది 2007 నుంచి వచ్చింది. అంతకుముందు రికార్డుల్లో 10 అంకెలదే ఉండొచ్చు. ముందున్న 978 తీసేస్తే సరిపోదు, చివరి తనిఖీ అంకె కూడా మారుతుంది. దొరక్కపోతే రెండు రకాలూ కొట్టండి.

సిస్టమ్స్:
రికార్డులన్నీ ముందే పోగేసి ఒకే ఇండెక్సులో పెట్టుకునే డిస్కవరీ సర్వీసులకు మారితే ఈ ఎదురుచూపులు ఉండవు. 2009లో వచ్చిన సమ్మన్ ఆ కోవదే. ప్రచురణకర్త రికార్డులు ఇవ్వకపోతే మాత్రం ఆ సరుకు అందులో ఉండదు, ఉండదని తెర మీద ఎక్కడా రాసి ఉండదు కూడా. రెంటిలో ఏది వాడినా సమీక్షలు, వార్తలు మొదటే వడకట్టేలా డిఫాల్ట్ ఫిల్టర్ పెట్టించుకోవచ్చేమో మీ వాళ్లని అడగండి. విద్యార్థులు రెండో పేజీకి వెళ్లరు.

డెస్క్‌వాసి:
పాతకాపు గారూ, 'డీటెయిల్స్' తెరిచి చూశాను, నేను కొట్టినదానికి పదింతలుంది. ఆ సున్నా డేటాబేసు ఇవాళ పొద్దున బాక్సులోనే మామూలుగా పలికింది, సాయంత్రం రద్దీలో మళ్లీ సున్నా. మా సిస్టమ్స్ వాళ్లకి రాస్తున్నాను: గడువు పెంచండి, పలకనివాటి పక్కన సున్నా తీసేయండి అని.