కొచ్చి వాటర్ మెట్రోలో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదురుతుందా?

ప్రశ్న: కాక్కనాడ్‌లోని ఐటీ పార్కు ఇన్ఫోపార్కులో ఉద్యోగం, ఇల్లు ఆలువా వైపు. మెట్రో రైలు దిగి వాటర్ మెట్రో పడవ ఎక్కితే సమయానికి చేరగలనా?

జవాబు 1: బాగా కుదురుతుందండీ. వైట్టిలలో మెట్రో స్టేషన్, బస్టాండు, పడవల టెర్మినల్ పక్కపక్కనే. అక్కడి నుంచి కాక్కనాడ్‌కు సుమారు 25 నిమిషాలు. కాకపోతే కాక్కనాడ్ టెర్మినల్ చిట్టేత్తుకరలో ఉంది, ఇన్ఫోపార్కు గేటు దగ్గర కాదు. అక్కడి నుంచి ఫీడర్ బస్సో ఆటోనో తప్పదు. ఆ బస్సు టైము చూసుకుని, దానికి తగ్గ పడవ ఎంచుకోండి.

జవాబు 2: పెద్ద పడవలో 100 మందికే చోటు, 50 సీట్లు, మిగతావాళ్లు నిలబడాలి. గేటు దగ్గరే లెక్క ఉంటుంది. నిండిందంటే బతిమాలినా ఎక్కించరు, తర్వాతి పడవే. అది సబబే, నీటి మీద ఓవర్‌లోడ్ ప్రాణాంతకం. రోజూ వెళ్లేవాళ్లు టికెట్ క్యూలో నిలబడకండి, కొచ్చి వన్ కార్డు (ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డు) తీసుకోండి. మెట్రోకూ అదే పనిచేస్తుంది.

జవాబు 3: ఎక్కే చోట ఉండే పాంటూన్ (తేలే వేదిక) నీటిపై తేలుతుంది, ఆటుపోట్లతో పడవతోపాటే లేస్తుంది, దిగుతుంది. అందుకే వీల్‌చైర్ నేరుగా లోపలికి వెళ్తుంది. ఒడ్డు నుంచి పాంటూన్‌కు వేసిన వంతెన మాత్రం పోటును బట్టి వాలుతుంది. వానలో అక్కడ అడుగు చూసి వేయండి.