అప్‌డేట్: ఆర్ట్ హిస్టరీలో నెట్, పీహెచ్‌డీ, ట్యూషన్ల గురించి అడిగాను, రెండు సందేహాలూ తీరిపోయాయి

ఎం.ఏ. ఆర్ట్ హిస్టరీ అయింది, పీహెచ్‌డీకి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) ఏ సబ్జెక్టులో రాయాలి, నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు రాజవంశాలన్నీ గడగడా చెప్పి శిల్పం చూపిస్తే మాత్రం నోరు మెదపడం లేదు, ఏం చేయాలి అని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ఆర్ట్ హిస్టరీకి విడిగా నెట్ పేపర్ లేదు, విజువల్ ఆర్ట్ (కోడ్ 79) లోనే వస్తుంది. అదే రాసి పాసయ్యాను, పీహెచ్‌డీలో చేరాను. బొమ్మలు గీయడం రావాలేమో అన్న టెన్షన్ అనవసరం, ఇంటర్వ్యూ అంతా నా రీసెర్చ్ ప్రపోజల్ మీదే నడిచింది. కాకపోతే నెట్ కోసం ప్రింట్‌మేకింగ్ (అచ్చుతో బొమ్మలు ముద్రించడం), ఫ్రెస్కో (తడి సున్నపు గోడ మీద బొమ్మలు వేయడం) లాంటి పద్ధతులు బాగా చదవాలి.

ట్యూషన్‌కి పనికొచ్చింది మాత్రం 'పేరు, కాలం చెప్పకుండా ముందు బొమ్మ చూడనివ్వండి' అన్న సలహా. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్న అమరావతి నలగిరి (బుద్ధుడు శాంతింపజేసిన మదపుటేనుగు) ఫలకం ఫొటో ఇచ్చి ఊరుకున్నాను. ఎడమవైపు మనుషుల్ని తొక్కేస్తున్న ఏనుగు, పైన కిటికీల్లోంచి చూస్తున్న జనం, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు. రెండూ ఒకటే ఏనుగని, ఒకే ఫలకంలో కథ ముందుకు నడుస్తోందని ఒకమ్మాయి తనంతట తనే పట్టేసింది, నాకు ఎంత సంతోషమేసిందో! శాతవాహనుల సంగతి ఆ తర్వాత చెబితే అందరికీ ఇట్టే ఎక్కింది. ఖరీదైన పుస్తకాలు, స్లైడ్లు కొనమన్న సలహాల అవసరం పడలేదు, పెద్ద సైజు ఫొటో ఒక్కటి చాలు.