అప్‌డేట్: గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోటెక్కే మనవాళ్ల కాగితాల సంగతి

గుజరాత్ బోట్లలో పనికెళ్లే శ్రీకాకుళం మత్స్యకారులు సముద్ర సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కితే ఇంటివాళ్ల దగ్గర ఏ కాగితాలుండాలని మొన్న అడిగాను. జవాబులన్నీ కలిపితే తేలింది ఇదీ.

అక్కడి జైల్లో శిక్ష ముగిసినా వెంటనే వదలరు. ఇతను మనవాడేనని భారత్ ధ్రువీకరించాలి. భారత్-పాకిస్తాన్ 2008 ఒప్పందం ప్రకారం, పట్టుకున్న మూడు నెలల్లో మన దౌత్యాధికారులకు ఖైదీని కలిసే వీలివ్వాలి. శిక్ష పూర్తయి జాతీయత తేలాక నెలలోపు పంపాలి. కాగితం మీద మాత్రం! అసలు చిక్కు పేర్ల దగ్గర. అక్కడ రాసుకున్న పేరులో ఇంటిపేరు ఎగిరిపోయినా, ఊరి పేరు మారినా ఇక్కడి విచారణ ఆగిపోతుంది. అందుకే ఆధార్, రేషన్, ఓటరు కార్డుల నకళ్లు, ఫోటో, బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఓనరు ఫోన్ నంబరు ముందే ఇంట్లో పెట్టుకోవాలి.

ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పేరుందో లేదో కలెక్టరేట్ ద్వారా అడిగించండి. 2018 నవంబరులో పట్టుబడిన మనవాళ్లలో 20 మంది వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చింది 2020 జనవరిలో.

జైల్లో ఉన్న నెలల జీతం సంగతి ఒప్పందంలో లేదు. అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఓనరుతో రాయించుకోవడం మేలు.